మొల దిగిన టైరు: స్ట్రిప్ చాలా, మష్రూమ్ వేయించాలా, టైరే మార్చాలా?

కారు టైరుకు మొల దిగితే హన్మకొండలో ఒక్కో చోట ఒక్కో మాట వినిపిస్తుంది. రోడ్డు పక్కన పంచర్ షాపులో పది నిమిషాల్లో స్ట్రిప్, అంటే జిగురు రబ్బరు తాడు, బయటినుంచి గుచ్చి పంపిస్తారు. వీల్ అలైన్‌మెంట్ చేసేచోటికి వెళ్తే "స్ట్రిప్ ఎందుకు వేయించారు సార్, లోపల తీగలు తెగుతయి, మష్రూమ్ వేయించాల్సింది" అంటారు. మష్రూమ్ అంటే టైరు ఊడదీసి లోపలినుంచి అతికించే పుట్టగొడుగు ఆకారపు రబ్బరు. సర్వీస్ సెంటర్‌లో అదే టైరును చూసి మార్చేయమంటారు. ఊళ్లో పెద్దవాళ్లేమో "ట్యూబ్ వేయించు, పీడ పోతది" అంటారు. దీనికితోడు కొత్త కార్లలో కొన్నింటికి స్టెప్నీయే రావడం లేదు.

నలుగురి మాటలోనూ ఎంతోకొంత నిజం ఉంది. ఎవరి మాట ఎప్పుడు చెల్లుతుందో తేలాలంటే మూడు సంగతులు చూడాలి. తూటు టైరు మీద ఎక్కడ పడింది, ఎంత వెడల్పుంది, గాలి తగ్గాక బండి ఎంత దూరం నడిచింది. మొదటి రెండూ అందరూ చూస్తారు. మూడోదాన్ని ఎవరూ అడగరు, కానీ ఎక్కువ టైర్లు చెత్తకుప్పకు చేరేది దానివల్లే.

## ట్యూబ్‌లెస్ టైరు గాలిని ఎలా పట్టుకుంటుంది

పాత టైరులో గాలిని పట్టుకునేది ట్యూబు. ట్యూబ్‌లెస్‌లో ఆ పని టైరు లోపలి గోడకు అంటుకుని ఉండే పలుచని బ్యూటైల్ రబ్బరు పొర చేస్తుంది. గాలి దీంట్లోంచి చాలా నెమ్మదిగా మాత్రమే జారుతుంది. ఆ పొర మీద ఒక అంచు నుంచి మరో అంచుదాకా దారాల పొర, దాని మీద ట్రెడ్ కింద మాత్రమే సన్నని ఉక్కు తీగలతో నేసిన పట్టీలు, అన్నిటికీ పైన రోడ్డును తాకే మందపాటి ట్రెడ్ ఉంటాయి. పక్కలకు, అంటే సైడ్‌వాల్‌కు, ఉక్కు పట్టీలు ఉండవు. పంచర్ గురించిన నియమాలన్నీ ఈ ఒక్క తేడాలోంచే వచ్చాయి.

మొల దిగగానే ట్యూబ్‌లెస్ టైరు ఒక్కసారిగా కూలబడదు. రబ్బరు మొలను చుట్టూ బిగించి పట్టుకుంటుంది, మొల తానే బిరడాలా పనిచేస్తుంది. అందుకే షాపు చేరేదాకా మొలను పీకకూడదంటారు. పీకితే మెల్లగా పోవాల్సిన గాలి కొద్దిసేపట్లోనే పోతుంది.

## ఈ ప్రాంతపు రోడ్లమీద టైరుకు తగిలేవి

వెడల్పాటి తలున్న మొలలు, సెంట్రింగ్ చెక్కల్లోంచి ఊడినవి, ఇళ్లు కడుతున్న కాలనీల్లో ఎక్కువ. గ్రానైట్, బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్లమీద నట్లు, బోల్టులు, పదునైన రాతి చెక్కలు పడి ఉంటాయి. వెనక టైర్లకే మొలలు ఎక్కువ దిగడానికి కారణం ఉంది. రోడ్డుమీద పడుకున్న మొలను ముందు చక్రం తన్ని లేపుతుంది, నిలబడ్డ మొల వెనక చక్రానికి దొరుకుతుంది. చేలకు కంచెగా నరికి వేసే సర్కారు తుమ్మ ముల్లు బైకు టైరును ఇట్టే పొడుస్తుంది. కారు ట్రెడ్ మందం కాబట్టి అందులో చాలాసార్లు మొన విరిగి ఉండిపోతుంది, వారానికి నాలుగైదు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చొప్పున గాలి పోతుంటుంది.

వరి కోతల కాలంలో ముప్పు మారుతుంది. రోడ్డుమీద వడ్లు ఆరబోసి కుప్ప అంచు వెంట రాళ్లు పేరుస్తారు. రాత్రి ఎదురు బండి లైట్లలో ఆ రాళ్లు కనబడవు. రాయి తగిలేది ట్రెడ్‌కు కాదు, సైడ్‌వాల్‌కు. మొల పంచరైతే రిపేరుకు నోచుకుంటుంది, ఈ కోత నోచుకోదు. ఇలాంటి దెబ్బ తగిలిన టైరుకు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగి, గాలి పైరబ్బరును బయటికి నెడుతోందని అర్థం. ఆ టైరు గాలి పోకుండా నెల రోజులు తిరగొచ్చు, సాయంత్రానికే పగలొచ్చు.

## గాలి తగ్గిందంటే పంచరేనా

డ్యాష్‌బోర్డు మీద టైరు గుర్తు వెలగగానే పంచర్ షాపుకు పరుగెత్తేవాళ్లు చలికాలంలో ఎక్కువ. ఒక లెక్క చూద్దాం. మే నెలలో 40 డిగ్రీల ఎండకాలపు గాలిలో, బండి నడవక ముందు, టైరులో 33 పీఎస్ఐ నింపారు. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలకు దిగితే, చుక్క గాలి బయటికి పోకపోయినా అదే టైరు 29 చూపిస్తుంది. 25 డిగ్రీల తేడాకు దాదాపు 4 పీఎస్ఐ, అంటే ఆరేడు డిగ్రీలకు ఒకటి. దీనికి మంచి టైరులోంచి కూడా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ జారడం తోడవుతుంది. నిర్దేశించిన గాలిలో నాలుగో వంతో ఐదో వంతో తగ్గినప్పుడు చాలా కార్లలో ఆ లైటు వెలుగుతుంది. పొద్దున వెలిగి మధ్యాహ్నం ఆరిపోయేది ఇందుకే.

తేడా పట్టడం సులువు. నాలుగు టైర్లూ ఇంచుమించు సమానంగా తగ్గితే వాతావరణం, ఒక్కటే తగ్గితే తూటు. ఆ ఒక్కదానిలో కూడా మొల కనబడకపోతే ముందు వాల్వ్ మూత తీసి మీద ఒక సబ్బునీటి చుక్క వేయాలి. బుడగ లేస్తే లోపలి చిన్న పిన్ను మారిస్తే సరిపోతుంది. అక్కడా లేకపోతే రిమ్ము అంచు చూడాలి. గుంతలో పడి అల్లాయ్ రిమ్ము కొద్దిగా వంగినా, పాత ఇనుప రిమ్ము తుప్పు పట్టినా టైరు అంచుకూ రిమ్ముకూ మధ్యనుంచి గాలి పోతుంది. ఇలాంటిదాన్ని పంచరనుకుని ట్రెడ్ అంతా వెతికితే ఏమీ దొరకదు.

## గాలి లేకుండా నడిస్తే లోపల జరిగేది

కారు బరువును మోసేది టైరు కాదు, అందులోని గాలి. గాలి తగ్గితే సైడ్‌వాల్ ప్రతి తిరుగుడుకూ లోతుగా మడతపడి లేస్తుంది. 15 అంగుళాల మామూలు కారు చక్రం కిలోమీటరుకు దాదాపు 500 సార్లు తిరుగుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో అంటే నిమిషానికి 500 మడతలు. మడతపడ్డ ప్రతిసారీ రబ్బరు వేడెక్కుతుంది, లోపలి పొర తనకు తాను రాసుకుంటుంది.

అలా నడిచిన టైరును రిమ్ము నుంచి ఊడదీసి ఒక పక్కకు వంచితే లోపలినుంచి బొంబాయి రవ్వంత సైజులో నల్లటి రబ్బరు పొడి రాలుతుంది. లోపల చెయ్యిపెట్టి సైడ్‌వాల్‌ను తడిమితే నున్నగా ఉండాల్సిన చోట చుట్టూ ఒక గరుకు వలయం తగులుతుంది, కొన్నిసార్లు దారాలు కూడా బయటపడి ఉంటాయి. బయటినుంచి చూస్తే ఇదేమీ తెలియదు. ఒక సన్నని గీత, అంతే. ఆ టైరుకు స్ట్రిప్ వేసినా గాలి నిలుస్తుంది, ఇంటికి కూడా చేరుస్తుంది. తర్వాత ఎండాకాలంలో, నలుగురితో, హైవే వేగంలో సైడ్‌వాల్ చీలిపోతుంది. అప్పుడు అందరూ టైరు కంపెనీని తిడతారు.

షాపు "రెండు కిలోమీటర్లే కదా" అని ఖాళీ టైరు మీద మెల్లగా వెళ్లడం రెండొందల పంచర్‌ను వేల రూపాయల టైరుగా మార్చేది ఇలాగే. పక్కకు తీయడానికి కొన్ని పదుల మీటర్లు నడపడం వేరు, అది తప్పదు.

## స్ట్రిప్ మీద తగాదా దేని గురించి

స్ట్రిప్ అంటే జిగురు పట్టించిన రబ్బరు తాడు. మొలను పట్టకారుతో లాగేసి, మరలు తిరిగిన గరుకు సువ్వను అదే తూటులో నాలుగైదుసార్లు ఆడిస్తారు. తర్వాత దబ్బనం లాంటి సూదికి స్ట్రిప్ ఎక్కించి లోపలికి గుచ్చి విసురుగా లాగుతారు. సూది బయటికొస్తుంది, తాడు మడతపడి తూటులో ఇరుక్కుపోతుంది. బయట మిగిలిన కొసలను రెండు మూడు మిల్లీమీటర్లు ఉంచి కోస్తారు. టైరును రిమ్ము నుంచి తీయనక్కర లేదు. సాధారణంగా వంద, రెండొందలతో పని అయిపోతుంది.

మష్రూమ్ పేరుకు తగ్గట్టే పుట్టగొడుగు ఆకారం. కాడ తూటును నింపుతుంది, గొడుగు లోపలి పొరకు అతుక్కుంటుంది. దీనికి టైరు ఊడదీయాలి. లోపలినుంచి తూటును బర్రుతో (గరుకు బిట్టుతో) శుభ్రం చేసి, చుట్టూ పొరను పలుచగా గీకి, సొల్యూషన్ (రబ్బరు జిగురు) పూసి, అది చేతికి అంటుకోనంత ఆరాక కాడను బయటికి లాగి, గొడుగును చిన్న రోలర్‌తో మధ్య నుంచి అంచులకు నొక్కుతారు. మళ్లీ ఎక్కించి బ్యాలెన్సింగ్ చేస్తారు. అరగంట పైన పడుతుంది, ఖర్చు రెండు మూడింతలు.

స్ట్రిప్‌ను వద్దనేవాళ్ల వాదన బలమైనదే. గరుకు సువ్వ ఉక్కు తీగల మధ్య తిరిగితే కొన్ని తెగుతాయి. తాడు తూటును నింపుతుంది కానీ లోపలి పొరను మూయదు. వానాకాలంలో నీరు తాడు వెంట దిగి తీగలకు తుప్పు పట్టిస్తుంది, పట్టీలు విడిపోవడం అక్కడ మొదలవుతుంది. అమెరికా టైరు తయారీదారుల సంఘం ఒక్క తాడును గానీ ఒక్క ప్యాచ్‌ను గానీ సరైన రిపేరుగా ఒప్పుకోదు. టైరు ఊడదీసి చూడాలి, తూటు నింపాలి, లోపలి పొర మూయాలి, మూడూ జరగాలంటుంది.

అవతలి వాదనకూ బలం ఉంది. ట్రెడ్ మధ్యలో నిటారుగా దిగిన సన్నని మొల తూటుకు సరిగా వేసిన స్ట్రిప్ ఆ టైరు అరిగేదాకా నిలిచిన సందర్భాలు మన రోడ్లమీద లెక్కలేనన్ని. పైగా మష్రూమ్ అంటే దానంతటదే మంచిదనుకోకూడదు. సొల్యూషన్ తడి ఆరకముందే అతికిస్తే గొడుగు అంచు లేస్తుంది. లోతుగా గీకితే దారాలు బయటపడతాయి. యంత్రం లేనిచోట గడ్డపారలాంటి లివర్లతో టైరు ఊడదీస్తే అంచు చిరుగుతుంది, వాల్వ్ దగ్గరుండే గాలి సెన్సర్ విరుగుతుంది. చెడ్డ మష్రూమ్ కన్నా మంచి స్ట్రిప్పే నయం.

లోతుకెళ్తే ఈ తగాదా లోపల చూడటం గురించే. స్ట్రిప్ వేసేవాడు లోపల చూడడు. మొల దిగినా గాలి ముప్పైకి దగ్గరగానే ఉండగా షాపుకు చేరితే లోపల చూడనందుకు నష్టం తక్కువ. గాలి పదికి, సున్నాకు పడ్డాక కాస్త దూరం నడిచినా టైరు ఊడదీయకుండా ఏ రిపేరూ నమ్మదగ్గది కాదు. పల్లె రోడ్డుమీద స్ట్రిప్ వేయించుకుని, వరంగల్ చేరాక ఊడదీయించి మష్రూమ్‌గా మార్చుకోవచ్చు. అదే తూటులో కాబట్టి కుదురుతుంది, సువ్వతో తూటును మరీ పెద్దది చేసి ఉండకపోతే.

## ఎక్కడ వేయొచ్చు, ఎక్కడ వేయకూడదు

కారు టైరుకు 6 మిల్లీమీటర్లు దాటిన తూటును రిపేరు చేయకూడదన్నది బ్రిటన్ ప్రమాణమైన బీఎస్ ఏయూ 159లోనూ, అమెరికా సంఘం సూచనల్లోనూ ఉన్న హద్దు. చోటు విషయంలో బ్రిటన్ ప్రమాణం ట్రెడ్ మధ్యలోని ముప్పాతిక భాగాన్నే ఒప్పుకుంటుంది. ట్రెడ్ వెడల్పు 150 మిల్లీమీటర్లుంటే నడిమి 112 పనికొస్తుంది, రెండు అంచుల్లో చెరో 19 మిల్లీమీటర్లు పనికిరాదు. అంటే చూపుడువేలి వెడల్పు కంటే కాస్త ఎక్కువ.

అంచులో ఎందుకు పనికిరాదంటే అక్కడ ఉక్కు పట్టీ ముగుస్తుంది, టైరు ఎక్కువగా వంగేది అక్కడినుంచే మొదలవుతుంది. సైడ్‌వాల్ అయితే పూర్తిగా వంగే భాగం. నిమిషానికి వందలసార్లు వంగే చోట ఏ అతుకూ నిలవదు. సైడ్‌వాల్‌కు స్ట్రిప్ వేస్తామనే షాపు దొరుకుతుంది. వేయించుకుని నడిపితే, అది తరువాతి షాపుదాకా, మెల్లగా, వేరే దారి లేనప్పుడు మాత్రమే.

ఇక ట్యూబు. ట్యూబ్‌లెస్ టైరు లోపల గోడ ట్యూబు కోసం నున్నగా చేసినది కాదు, గరుకు గీతలుంటాయి. ట్యూబు వాటికి రాసుకుని వేడెక్కుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ట్యూబ్‌లెస్‌కున్న పెద్ద గుణం, గాలి మెల్లగా పోవడం, ట్యూబుతో పోతుంది. ట్యూబు చిరిగితే గాలి ఒక్కసారే పోతుంది. ట్రాక్టరు వేగానికి అలవాటైన సలహా అది, హైవే కారుకు కాదు.

## స్టెప్నీ లేని కార్లు

స్టెప్నీ అన్న మాట వేల్స్‌లోని లానెల్లి పట్టణం నుంచి వచ్చింది. 1904లో అక్కడి స్టెప్నీ వీధిలో డేవిస్ సోదరులు అదనపు చక్రాల వ్యాపారం పెట్టారు. ఆ వీధి పేరు మన భాషల్లో అదనపు చక్రానికే పేరైంది. 2020 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, 3.5 టన్నులలోపు ప్రయాణికుల బండికి ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడిని గమనించే సెన్సర్ ఏర్పాటు, రిపేరు కిట్ ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదంది. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి, సీఎన్‌జీ సిలిండర్‌కు చోటు మిగులుతుంది, బరువు తగ్గుతుంది. కొనేవాళ్లకు మిగిలేది ఒక డబ్బా సీలెంట్, 12 వోల్టుల చిన్న కంప్రెషర్.

సీలెంట్ ట్రెడ్‌లోని చిన్న తూటుకే పనికొస్తుంది, సైడ్‌వాల్ కోతకు కాదు. పోసిన వెంటనే కొన్ని కిలోమీటర్లు నడిపితేనే అది లోపల అంతటా పరుచుకుంటుంది. డబ్బాకు గడువు తేదీ ఉంటుంది, ఎండలో నిలిపే కార్లలో అది చూడటం మరీ అవసరం. వాడాక మష్రూమ్ వేయాలంటే ఆ బంకను కడిగి తుడవాలి, అందుకే మెకానిక్‌లు విసుక్కుంటారు. ముందే చెప్పకపోతే టైరు విప్పగానే మీద పడుతుంది కూడా.

చాలాసార్లు ఒక్క కంప్రెషరే చాలు. ములుగు జిల్లా తాడ్వాయి అడవి రోడ్డుమీద, పస్రా ఊరికి 8 కిలోమీటర్ల దూరంలో ఒక టైరు అరగంటలో 33 నుంచి 20కి పడిందనుకుందాం. మొల లోపలే ఉంది. 13 పీఎస్ఐకి 30 నిమిషాలు, అంటే ఒక్కోదానికి రెండు నిమిషాల పైన. మళ్లీ 35కి నింపితే 26కి పడటానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో 16 కిలోమీటర్లు. ఒత్తిడి ఎక్కువున్నప్పుడు గాలి త్వరగా పోతుంది, మొల కదలొచ్చు కూడా, కాబట్టి అందులో సగమే నమ్మినా పస్రా అందుతుంది. అదే ఐదు నిమిషాల్లో 33 నుంచి 10కి పడితే ఈ లెక్క పనిచేయదు, సీలెంటో సాయమో కావాలి. జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేయొచ్చు.

స్టెప్నీ ఉన్నా అది చిన్నదైతే ఇంకో లెక్క. 195/60 ఆర్16 సైజు చక్రం వ్యాసం 640 మిల్లీమీటర్లు, 185/65 ఆర్15 సైజు స్టెప్నీ వ్యాసం 621. పెద్దది కిలోమీటరుకు 497 సార్లు తిరిగితే చిన్నది 512 సార్లు. ఆ 15 తిరుగుళ్ల తేడాను డిఫరెన్షియల్, అంటే ఒకే ఇరుసు మీది రెండు చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక, ఎడతెగకుండా సర్దాలి. అందుకే దాని మీద 80 కిలోమీటర్ల వేగం దాటొద్దని అతికిస్తారు, వీలైతే ఇంజిన్ తిప్పని చక్రాల వైపు వేయమంటారు. కొన్ని సన్న స్టెప్నీలకు 60 పీఎస్ఐ గాలి కావాలి, దానిమీదే రాసి ఉంటుంది. ఏడాదిపాటు చూడని స్టెప్నీలో ఆ గాలి ఉండదు.

## జాకీ కింద, పానా చివర

బండిని గేర్‌లోనూ పెట్టి హ్యాండ్‌బ్రేక్ కూడా ఎందుకు వేయాలన్నది చాలామందికి తెలియదు. మన చిన్న కార్లలో ఎక్కువవాటికి ఇంజిన్ ముందు చక్రాలను తిప్పుతుంది, హ్యాండ్‌బ్రేక్ వెనకవాటిని పడుతుంది. ముందు చక్రం లేపితే అది డిఫరెన్షియల్ వల్ల ఖాళీగా తిరుగుతుంది, గేరు పట్టు పోతుంది, బండిని ఆపేది హ్యాండ్‌బ్రేకే. వెనక చక్రం లేపితే హ్యాండ్‌బ్రేక్ నేలమీదున్న ఒక్క చక్రాన్నే పడుతుంది, గేరు సాయం కావాలి. ఈ రెండిటికీ తోడు ఎదురు మూల చక్రానికి రాయి అడ్డం పెట్టాలి.

నట్లు చక్రం నేలమీద ఉండగానే అర చుట్టు వదులు చేయాలి, లేచాక చక్రమే తిరిగిపోతుంది. వానాకాలంలో రేగడి నేల మీద జాకీ బండిని లేపదు, తానే దిగబడుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు చెక్క డిక్కీలో ఉంటే ఆ ఇబ్బంది తీరుతుంది. జాకీ తగలాల్సింది తలుపు కింది అంచులో రెండు చిన్న గాట్లున్న చోట, వేరేచోట పెడితే రేకు లోపలికి పోతుంది. జాకీ మీదున్న బండి కిందికి చెయ్యి గానీ కాలు గానీ పోకూడదు.

చిన్న కార్ల నట్లకు సాధారణంగా 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల బిగువు చెబుతారు. 30 సెంటీమీటర్ల పానా చివర 37 కిలోల బరువు వేస్తే దాదాపు 110 వస్తుంది. 70 కిలోల మనిషి పానా మీద ఎక్కి నిలబడితే 206. బోల్టు సాగుతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా పట్టు నిలవదు. షాపుల్లో గాలి గన్నుతో ఇలాగే అతిగా బిగిస్తారు, అడవి రోడ్డుమీద చిన్న పానాతో ఊడదు. గన్ను పట్టాక చివరి బిగింపు చేతి పానాతో వేయమని అడగడంలో తప్పు లేదు. నట్లు పక్కపక్కవి కాకుండా ఎదురెదురుగా బిగిస్తే చక్రం సమంగా కూర్చుంటుంది. 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి బిగువు చూడాలి.

## టైరు మార్చక తప్పనప్పుడు

మామూలు సమగ్ర బీమా ఒక్క టైరు పాడైతే ఏమీ ఇవ్వదు. ప్రమాదంలో బండితోపాటు పోతే టైరు ధరలో సగమే లెక్కకొస్తుంది. విడిగా తీసుకునే టైరు కవరు కోతలకు, ఉబ్బులకు, పగలడానికి వర్తిస్తుంది కానీ మామూలు పంచర్ ఖర్చుకు సాధారణంగా వర్తించదు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త కారు టైర్లమీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, పాత ధరల అంచనాతో బేరం ఆడితే నష్టపోతారు.

ఒక్కటే మార్చాల్సి వస్తే అదే ఇరుసు మీద అవతలి టైరు ఎంత అరిగిందో చూడాలి. ట్రెడ్ గాడుల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తుతో చిన్న దిమ్మెలుంటాయి, ట్రెడ్ వాటి మట్టానికి వస్తే ఆ టైరు ఆయుష్షు అయిపోయినట్టే. దానికి దగ్గరపడితే రెండూ కలిపి మార్చాలి. కొత్త జత ముందుకా వెనక్కా అన్నదాంట్లో షాపులవాళ్లు ముందుకంటారు, స్టీరింగ్, బ్రేకులు అక్కడే ఎక్కువ పనిచేస్తాయని. టైరు తయారీదారులు వెనక్కంటారు. వాన నీటిలో ముందు టైర్లు జారితే బండి నేరుగా పోతుంది, వేగం తగ్గించి సర్దుకోవచ్చు. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవరు చేతికి చిక్కదు. ఈ విషయంలో తయారీదారుల మాటే నిలుస్తుంది.

కొత్త టైరు సైడ్‌వాల్ మీద తయారీ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం. ఆ అంకెలు ఒక్కోసారి టైరుకు ఒక వైపే ఉంటాయి, రిమ్ముకు ఎక్కించకముందే రెండు వైపులా తిప్పి చూడాలి.